ధన్యవాదాల తర్వాత

మా పిన్నికి చెవులే అన్నం పెట్టాయి. ఒక పరిశోధన సంస్థలో ఇంటర్వ్యూల రికార్డింగులు విని, మాట పొల్లుపోకుండా టైపు చేయడం ఆమె పని. దగ్గితే దగ్గారని రాయాలి, మౌనంగా ఉంటే ఎన్ని సెకన్లో రాయాలి. ఇంట్లో మేం గొణుక్కున్నా వదిలేది కాదు. "ఏమన్నావే? మళ్లీ అను" అని వంటింట్లోంచే కేకేసేది. ఆవిడున్న చోట గుట్టు నిలిచేది కాదు, మా ఖర్మ!

అంతటి మనిషికీ ఒక బద్ధకం ఉండేది. ప్రశ్నలడిగే మేడం "ధన్యవాదాలండీ" అనగానే హెడ్‌ఫోన్లు తీసేసేది. ఆ తర్వాత వినిపించేవి కుర్చీలు జరిపిన చప్పుళ్లు, గ్లాసుల గలగలలు. అవెవరిక్కావాలి అనేది. అక్కడ టైపు చేసేవాళ్లందరూ అంతే.

మంచాన పడ్డవాళ్లకు సేవ చేసే ఆడవాళ్ల గురించి ఆ పరిశోధన. ఐదేళ్ల కిందట మాట్లాడినవాళ్లనే మళ్లీ కలిసి, అవే ప్రశ్నలడిగి, ఏం మారిందో చూడమన్నారు. పదిహేడో నంబరావిడ భర్తకు పక్షవాతం. నడవలేడు, నోటమాట లేదు, చెవులు వినపడవు అని పాత కాగితంలో ఉంది.

ఆవిడ కొత్త రికార్డింగు టైపు చేస్తూ చేస్తూ పిన్ని ఆగిపోయింది. ఈ జవాబులు తనకు తెలుసు. పాత కాగితం పక్కన పెట్టి చూస్తే ఒక్క ముక్క తేడా లేదు. మౌనాలు కూడా అంతే, నాలుగు సెకన్లు, ఏడు, మళ్లీ నాలుగు. పాత రికార్డింగు తీసి మొదట్నుంచీ విన్నది.

"మీకు ఏమైనా సాయం కావాలా?" అని మేడం గొంతు. నాలుగు సెకన్ల మౌనం. గోడ అవతల టక్‌మని కర్ర చప్పుడు. "అక్కర్లేదండీ, బాగానే ఉన్నాం."

ప్రతి ప్రశ్న తర్వాతా టక్. ఆ తర్వాతే జవాబు. చెవులు వినపడవట! మరి ప్రశ్న ఎప్పుడు అయిపోయిందో ఆ మహానుభావుడికి ఎలా తెలుస్తోంది? ఐదేళ్ల కిందట ఇంట్లో ఏదో చప్పుడులే అని దాన్ని రాయకుండా వదిలేసింది మా పిన్నే.

ధన్యవాదాలు వచ్చాయి. ఈసారి హెడ్‌ఫోన్లు తీయడానికి ఆమెకు చేతులు రాలేదు. మేడం చేతులు కడుక్కోవడానికి వెళ్తున్న అడుగులు వినిపించాయి. తర్వాత మైకుకు బాగా దగ్గరగా ఒక గుసగుస.

"అక్కా, ఇదంతా విని రాసేది మీరేనట కదా, మేడం చెప్పారు. ఆ చప్పుడు కూడా రాయండి. ఆయన నడుస్తాడు. మీవాళ్లు వెళ్లగానే తాళం వేస్తాడు."

 పిన్ని కొత్త రికార్డింగును చివరికి జరిపింది. అవే అడుగులు. అదే గుసగుస.

"పోయినసారి రాయలేదు కదూ, అక్కా."

ఆ వెంటనే టక్. ఈసారి గోడ అవతల కాదు, మైకు పక్కనే.

పిన్ని పరుగున వెళ్లి మేడం చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టింది. ఆ మధ్యాహ్నమే పోలీసులను వెంటబెట్టుకుని ఇద్దరూ ఆ ఇంటికి వెళ్లారు. లోపల్నుంచి వేసిన తాళం పగలగొట్టాల్సి వచ్చింది. లోపల మంచం ఖాళీగా ఉంది. ఆయన తలుపు వెనకే, కర్ర పట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నాడు. కానిస్టేబుల్ కర్ర లాక్కుని ఆయన్ని బయటికి తీసుకెళ్లాడు.

పదిహేడో నంబరావిడ కుర్చీలోంచి లేవలేదు. పిన్ని ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, "నేనేనమ్మా, రాసేదాన్ని. తప్పు నాదే. మాతో వచ్చేస్తావా?" అంది.

జవాబు లేదు. నాలుగు సెకన్లు, ఏడు, పది. ఆవిడ కళ్లు గోడ మీదే ఉన్నాయి. దేనికోసం ఎదురుచూస్తోందో పిన్నికి అప్పుడు అర్థమైంది. లేచి వెళ్లి, గోడ మీద వేలి కణుపుతో ఒక్కసారి టక్‌మని కొట్టింది.

"వస్తానండీ" అంది ఆవిడ.