గద్వాల జట్టులో పదకొండోవాడు

ముప్పై ఒక్క ఏళ్లు రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం పోయింది గానీ గడియారం చూసే జబ్బు పోలేదు. అందుకని ఈ మూడు రోజుల ప్రయాణంలోనూ ఎక్కిన టైము, దిగిన టైము రాసుకున్నాను. అటు వెళ్లేవాళ్లకు ఎవరికైనా పనికొస్తాయి.

ప్రయాణానికి కారణం ఖాజా ఫోను. డ్యూటీ మీద గద్వాల వెళ్లిన రోజుల్లో స్టేషన్ బయట అతని తండ్రి హోటల్లోనే నా పొద్దుటి చాయ్. తండ్రి పోయాడు, హోటల్ కూడా పోయింది. ఖాజా ఇప్పుడు బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. వయసు ముప్పై ఎనిమిది. ఈ వయసులో ఊరి రగ్బీ జట్టుకు కెప్టెన్. "గార్డు సాబ్, ఆఖరి రెండు మ్యాచులున్నయ్. గెలిస్తె ఉంటం, లేకుంటె లేదు. ఒక్కసారొచ్చి చూసిపో" అన్నాడు. నాకు రగ్బీ గురించి తెలిసింది బంతి కోడిగుడ్డులా ఉంటుందని మాత్రమే. అయినా సరేనన్నాను. ఇంట్లో నేను లేకపోతే ఎవరికీ ఇబ్బంది లేదని రిటైరైన మొదటి నెలలోనే అర్థమైంది.

శుక్రవారం ఉదయం 7.10కి కాచిగూడలో రైలెక్కాను. జనరల్ బోగీలో కిటికీ సీటు దొరికింది. మహబూబ్‌నగర్‌లో ఎక్కిన పల్లీల వ్యాపారి ఒకాయన ఎందుకు వెళ్తున్నానో అడిగి, విని, "గంత పెద్దమనుషులు బంతి కోసం కొట్టుకునేది చూడనీకి టికెట్ గొనుక్కొని పోతున్నరా?" అన్నాడు. అవునన్నాను. దిగేదాకా మళ్లీ నాతో మాట్లాడలేదు. కృష్ణ వంతెన మీద రైలు పావుగంట నిలిచింది. 11.25కి గద్వాలలో దిగాను, ఇరవై నిమిషాలు లేటు.

మధ్యాహ్నం భోజనం ఖాజా ఇంట్లోనే. జొన్నరొట్టె, బోటికూర. తింటుంటే లీగు సంగతి చెప్పాడు. మూడు జిల్లాల్లో ఆరు జట్లున్నాయి. పట్నంలో చదువుకున్నప్పుడు ఈ ఆట నేర్చుకున్న వ్యాయామం మాస్టారు ఒకాయన దీన్ని ఇక్కడికి తెచ్చాడు. జట్టుకు పదిమంది. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తి గీత అవతల నేలకు ఆనిస్తే అయిదు పాయింట్లు, ఆపైన తన్ని కర్రల మధ్యనుంచి పంపితే ఇంకో రెండు. చేత్తో ఇచ్చేటప్పుడు మాత్రం బంతిని ముందుకు విసరకూడదు, వెనక్కే. ముందుకు విసిరితే తప్పు. ఏడాది చివర అడుగున మిగిలిన జట్టు లీగులోంచి పోతుంది, దాని చోటు ఎదురుచూస్తున్న కొత్త ఊరికిస్తారు.

గద్వాల ఈ ఏడాది గెలిచింది ఒక్క ఆట. ఉప్పునుంతల గెలిచింది రెండు. శనివారం వనపర్తి మీద గెలిస్తే ఇద్దరూ సమానం. ఆదివారం ఆ ఇద్దరికే పోటీ, ఉప్పునుంతలలో చదునైన మైదానం లేదు కాబట్టి నాగర్‌కర్నూల్‌లో. ఓడినవాడు ఇంటికి. పోతే మళ్లీ వరుస వచ్చేసరికి నాలుగేళ్లు పడుతుందని, అప్పటికి తన మోకాళ్లు ఉండవని ఖాజా చెప్పాడు. దిగులుగా చెప్పలేదు. కాలిన మోటారును చూసి ఇది కాలింది అన్నంత మామూలుగా చెప్పాడు.

శనివారం ఉదయం 5.40కి డీసీఎం వ్యానులో బయలుదేరాం. ముసలివాడినని నన్ను డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. ఎర్రవల్లి చౌరస్తాలో చాయ్, పెబ్బేరులో ఇడ్లీ. 7.50కి వనపర్తి. బండిలో డ్రైవరు కాక మేము పన్నెండుమందిమి: పది మంది ఆటగాళ్లు, నేను, చొక్కాల మూట కాపలాగా వచ్చాడనుకున్న ఒక దిట్టమైన మనిషి. అతను మాట్లాడలేదు, ఎవరూ అతనితో మాట్లాడలేదు.

ఆట 8.30కి మొదలైంది. ఎర్రమట్టి నేల, అక్కడక్కడా పల్లేరుకాయలు. సగం ఆటయ్యేసరికి ఇరుపక్షాలూ ఒకే రంగులోకి వచ్చాయి. రెండో సగంలో గద్వాల ఆటగాడు శ్రీనుకు తొడ పట్టేసింది. మోసుకొచ్చి నీడలో పడుకోబెట్టారు.

అప్పుడు నేను ఏ ఆటలోనూ చూడనిది చూశాను. ఖాజా నేరుగా వనపర్తి కెప్టెన్ దగ్గరికి వెళ్లి, ఒక మనిషినిమ్మని అడిగాడు. ఆయన ఆలోచించకుండా తన జట్టులో కూర్చుని ఉన్న సన్నటి కుర్రవాణ్ణి పంపించాడు. ఈ లీగులో అదే పద్ధతట. పొలాల పనులు, పెళ్లిళ్లు, డ్యూటీలు ఉండేవాళ్లతో పదిమందిని కూడేయడం ఎవరివల్లా కాదు కాబట్టి, మనిషి తగ్గితే ఎదుటి జట్టు అరువిస్తుంది. అరువుకొచ్చినవాడు సొంత జట్టు మీద నిజంగానే ఆడాలి. ఆ కుర్రవాడు నిజంగానే ఆడాడు. ఆఖర్లో తన ఊరివాళ్లను ఇద్దరిని తప్పించుకుని గీత దాటింది అతనే. గద్వాల 17, వనపర్తి 12.

ఆట అయ్యాక ఆతిథ్యమిచ్చిన జట్టు వచ్చినవాళ్లకు అన్నం పెట్టడం ఇంకో పద్ధతి. వనపర్తివాళ్లు ఓడిన ముఖాలతోనే బగారన్నం, కోడికూర వడ్డించారు. సాయంత్రం ఆటగాళ్లకు ఫంక్షన్ హాలులో చాపలు పరిచారు. నేను బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. గది శుభ్రం, కిటికీ మూసుకోదు.

చీకటి పడకముందు బస్టాండులో ఆ దిట్టమైన మనిషి కనిపించాడు. పేరు నర్సింలు, గద్వాల మార్కెట్ యార్డులో హమాలీ. మూట కాపలానా అని అడిగితే కొంచెం నొచ్చుకున్నాడు. "నేను గూడ ప్లేయర్నే సార్. పదకొండోటోన్ని" అన్నాడు. మరి పొద్దున శ్రీను పడిపోతే నిన్నెందుకు దింపలేదని అడిగాను. సీజను మొదటి ఆటలో తాను బంతిని నాలుగుసార్లు ముందుకు విసిరానని చెప్పాడు. ఇరవై ఏళ్లుగా బస్తా ఎత్తి ముందున్నవాడికి అందించడమే పని, చేయి అలవాటు మానడం లేదట. ఆ రోజు నుంచి ప్రతి ఆటకూ వస్తున్నాడు, ప్రతి ఆటకూ కూర్చుంటున్నాడు. ఆదివారం యార్డుకు సెలవు కాబట్టి రేపటి కూలి మాత్రం పోదని కూడా చెప్పాడు, నేను అడక్కపోయినా.

సొంత మనిషి కూర్చుని ఉండగా ఎదుటి జట్టువాణ్ణి అరువడిగిన కెప్టెన్ మీద నాకు కోపం వచ్చింది. ఖాజాతో అన్నాను. "ఆయన మంచోడే సాబ్. చెయ్యే ముందుకు పోతది, ఏం జేస్తం" అన్నాడు. వనపర్తివాళ్లకు నర్సింలు ఆటగాడన్న సంగతే తెలియదు. ఖాజా చెప్పలేదు.

ఆదివారం 6.20కి వనపర్తి వదిలి, బిజినేపల్లి మీదుగా 7.35కి నాగర్‌కర్నూల్ చేరాం. దారి పొడుగునా పొలాల్లో పల్లి పీకుతున్నారు. ఆ పని చూసి ఎవరూ ఏమీ అనుకోలేదు గానీ, ఎనిమిదిన్నరకు ఉప్పునుంతల జీపు వచ్చాక దాని సంగతి తెలిసింది. దిగింది తొమ్మిదిమంది. ఇంకో ఇద్దరు పల్లి పీకే కూలీలు దొరకక పొలంలోనే ఆగిపోయారు. పదిమంది లేకుండా ఆట మొదలుపెట్టకూడదు. తొమ్మిది గంటలకు రిఫరీ, అంటే ఆ వ్యాయామం మాస్టారే, ఆట లేదని రాసేసి గద్వాలను గెలిపిస్తాడు. టైము 8.40.

ఉప్పునుంతల కెప్టెన్ బాల్‌రాజు, పొట్టిగా గట్టిగా ఉండే రైతు, మా వైపు నడిచి వచ్చాడు. ఒక మనిషి కావాలని అడిగి, జవాబు కోసం నిలబడకుండా వెనక్కి వెళ్లాడు. అడగడం తన వంతు, బలవంతం లేదన్నట్టు. ఖాజా చుట్టూ జట్టు మూగింది. ఇవ్వొద్దని దాదాపు అందరూ అన్నారు. ఇరవై నిమిషాలు ఊరుకుంటే చాలు, లీగులో ఉంటాం, ఎవరూ తప్పు పట్టరు అన్నాడు, తొడకు పట్టీ కట్టుకుని మళ్లీ ఆటకు సిద్ధమైన శ్రీను. అది నిజం. ఇవ్వాలన్నది మర్యాదే తప్ప రూలు కాదు.

ఖాజా తన చేతి గడియారం వైపు ఒకసారి చూశాడు. నేను నాది చూశాను, 8.46.

"నిన్న మనమడిగితె వనపర్తోల్లు గడియారం చూసిన్రా?" అన్నాడు ఖాజా. "మనిషినిద్దాం. ఆడి గెలుద్దాం." తర్వాత మూటల దగ్గర కూర్చున్న మనిషి వైపు తిరిగి, "నర్సింలూ, నువ్వు పో" అన్నాడు.

ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకున్నారు. మర్యాదా దక్కింది, నష్టమూ లేదు. పనికిరాడనుకున్నవాణ్ణే కదా ఇస్తున్నది. ఖాజా మంచివాడు, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ ఆ నిమిషంలో అతని మంచితనంలో కొంచెం లెక్క కూడా ఉంది.

నర్సింలు ఉప్పునుంతల చొక్కా వేసుకున్నాడు. భుజాల దగ్గర కుట్టు పిగిలింది. బాల్‌రాజు అతని చేతులు చూసి ఏం పని చేస్తావని అడిగాడు. విని, ఒక్క మాట చెప్పాడు: "బంతి జోలికి పోకు. నీ దిక్కు వచ్చినోన్ని పట్టుకో, ఇడువకు."

సీజను మొదలైన ఈ ఎనిమిది నెలల్లో అతనికి ఎవరూ ఆ మాట చెప్పలేదు. అంత చిన్న మాట.

మొదటి సగంలో నర్సింలు నిలబడ్డ వైపునుంచి గద్వాల ఒక్కసారి కూడా పోలేకపోయింది. అతను పరిగెత్తడు. దగ్గరికి వచ్చినవాణ్ణి నడుం దగ్గర రెండు చేతులా చుట్టి కింద పెడతాడు, అంతే. పెట్టేటప్పుడు కూడా బస్తా చిరగకుండా దించినట్టు నెమ్మదిగా పెడతాడు. శ్రీనును మూడుసార్లు దించాడు. రెండో సగం చివరికి ఉప్పునుంతల 12, గద్వాల 10. రిఫరీ ఆఖరి నిమిషం అని చెయ్యెత్తాడు.

బంతి ఖాజా చేతికి వచ్చింది. ఆ వయసులో అంత వేగం ఎక్కడ దాచుకున్నాడో తెలియదు, ఇద్దరిని దాటేశాడు. గీత ఇంకా నాలుగడుగులు. అక్కడ నర్సింలు ఉన్నాడు. ఖాజా అతని కళ్లలోకి చూశాడు. దారి ఇమ్మని అడిగినట్టే చూశాడు, నేను గీత పక్కనే ఉన్నాను. నర్సింలు వంగి అతన్ని నడుం పట్టి లేపి, నేలకు కాళ్లు అందకుండా పట్టుకుని, మూడడుగులు వెనక్కి మోసుకుపోయి దించాడు. ఈల మోగింది. 9.51.

గద్వాల లీగులోంచి పోయింది. దాచుకోవడం ఎందుకు, కళ్లు తుడుచుకున్నాను.

అన్నం నాగర్‌కర్నూల్ జట్టువాళ్లు పెట్టారు. నర్సింలు పళ్లెం పట్టుకుని రెండు వరుసల మధ్య కాసేపు నిలబడ్డాడు. మావాళ్లు పిలవలేదు. బాల్‌రాజు పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చేతులు కడుక్కునే చోట శ్రీను, "జర జారిపడ్డట్టు జేస్తె ఏం పోతుండె" అని గొణిగాడు. ఖాజా విన్నాడు. అరువుకు పోయినవాడు అలా జారిపడితే రేపటినుంచి ఈ ఆట ఎవరూ ఆడొద్దని మాత్రం అన్నాడు.

12.15కి తిరుగు ప్రయాణం. వనపర్తి నుంచి కొంచెం చుట్టయినా నా కోసం కొత్తకోట మీదుగా పోనిచ్చారు, అక్కడ హైవే మీద హైదరాబాద్ బస్సులు దొరుకుతాయని. 2.20కి ఒక దాబా ముందు ఆగాం. అందరూ చాయ్ తాగారు. దారంతా వ్యాను వెనక తలుపు దగ్గర ఒంటరిగా కూర్చున్న నర్సింలు ఇప్పుడు దిగి ఖాజా ముందుకొచ్చాడు.

"అన్నా, ఉప్పునుంతలోల్లు వచ్చే సీజన్‌కు ఆడనీకి రమ్మంటున్రు. పోవాల్నా, వద్దా?"

ఖాజా గ్లాసు కింద పెట్టాడు. "నన్నెందుకు అడుగుతున్నవ్? మన జట్టే లేకపాయె. ఉన్నన్ని దినాలు నిన్ను ఒక్కసారి గూడ సరిగ ఆడియ్యకపోతి."

"నువ్వు కప్తాన్‌వి గదన్నా" అన్నాడు నర్సింలు.

ఖాజా లేచి అతని భుజం మీద చేయి వేశాడు. అతని గ్లాసు కూడా తానే తీసుకెళ్లి దాబావాడికి ఇచ్చి వచ్చాడు. వచ్చాక, "పో. మంచిగ ఆడు" అన్నాడు.

2.50కి బస్సు దొరికింది. నిలబడే చోటు మాత్రమే. జడ్చర్లలో సీటు వచ్చింది. పక్కన కూర్చున్నాయన ఎక్కడినుంచి అని అడిగితే మ్యాచ్ చూసి వస్తున్నానన్నాను. ఎవరు గెలిచారన్నాడు. ఉప్పునుంతల అన్నాను. అంతకంటే చెప్పాలంటే హైదరాబాద్ దాటి వెళ్లాల్సి వచ్చేది. 5.55కి ఆరాంఘర్‌లో దిగాను.

వచ్చే ఏడాది ఈ ఆటలు చూడాలనుకునేవాళ్లకు నా సలహా. పొద్దుటి ఎండ కూడా ఎక్కువే, టోపీ పెట్టుకోండి. తిండి తీసుకెళ్లకండి, వాళ్లే పెడతారు. రైలులో గద్వాల దాకా వెళ్లకండి, ఆ ఊరికి ఇప్పుడు జట్టు లేదు. కల్వకుర్తి దారిన బస్సులో నాగర్‌కర్నూల్ వెళ్లి, ఉప్పునుంతల ఆట ఏ రోజో కనుక్కోండి. ఆ జట్టులో బంతి జోలికి పోకుండా ఒకచోట నిలబడి ఉండే మనిషి కనిపిస్తాడు. ఊరి పేరు అడగండి. గద్వాల అంటాడు.