అతిథికి కోసిన గొర్రె

తమామ్‌కు రెండే పట్టింపులు. సంఘం వ్యాను ఆగకూడదు, గుమ్మమెక్కిన మనిషి ఆకలితో దిగకూడదు. కరక్ కొండల్లోని ఆ ఊళ్ళో ఆడవాళ్ళు పెట్టుకున్న సంఘానికి ఆమే పెద్ద. కిడ్నీలు చెడినవాళ్ళను ఆ వ్యానే డయాలసిస్‌కు పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళేది. వాళ్ళలో ఆమె చెల్లెలు సబ్హా ఒకతె. ఇప్పుడా బండి ఇంజను ఏ క్షణాన ఆగుతుందో తెలియదు.

రాజధాని అమ్మాన్ నుంచి హాజీ రుష్దీ అనే వర్తకుడు దానం చేయడానికి సంఘాన్ని చూడ వస్తున్నాడని కబురందింది. వెంట నాయిఫ్. ఎవరికివ్వాలో దాతలకు సలహా చెప్పడమే ఆయనగారి ఉద్యోగం. పుట్టింది మాత్రం పక్క ఊళ్ళోనే, అందరితో ఒకే పళ్ళెంలో తినడం నేర్చింది ఈ కొండల్లోనే. ఆ సంగతి గుర్తుంచుకోండి.

సంఘానికి మాంసం కొనే స్తోమత లేదు. సబ్హాకున్న ఆస్తల్లా ఒక్క గొర్రె.

"దాన్ని కోయించక్కా," అంది సబ్హా.

"నీకు మతి పోయిందా? దాని పాలమ్మే కదే మందులు కొనుక్కుంటున్నావు!"

"అతిథికి పప్పు పెట్టి పంపిస్తే నువ్వు ఊళ్ళో తలెత్తుకు తిరుగుతావా? గొర్రెదేముందక్కా, బండి బాగైతే నేను బతికుంటాను. చాలదూ?"

గొర్రె తెగింది. పుల్లటి పెరుగు పులుసులో ఉడికిన మాంసం, కింద అన్నం, పైన వేయించిన బాదం. హాజీ మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ తిన్నాడు. నాయిఫ్ అన్నం ముద్ద చేస్తూ పళ్ళెం వంకే చూశాడు.

భోజనమయ్యాక తమామ్ చెంబుతో వాళ్ళ చేతులమీద నీళ్ళు పోస్తోంది. ఆమె అక్కడ లేనట్టే మాట్లాడాడు నాయిఫ్ మహానుభావుడు.

"హాజీగారూ, నా మొదటి సూత్రం మీకు తెలుసు కదా. చెప్పేది వినకండి, ఉన్నది చూడండి. గొర్రెను కోసి పెట్టగలిగినవాళ్ళకు మన దానం దేనికి? ఇంతకన్నా లేనివాళ్ళున్నారు, చూపిస్తాను."

"నిజమే సుమా! భోజనం మాత్రం అద్భుతం," అన్నాడు హాజీ గడ్డం తుడుచుకుంటూ.

తమామ్‌కు మాట గొంతుదాకా వచ్చింది. అది నా చెల్లెలి గొర్రె నాయనా, చెల్లెలి ప్రాణం ఈ బండిమీదుంది, అని అంటే చాలు. కానీ తిన్నవాడికి తిండి ఖరీదు చెప్పడమంటే ఆ మనుషుల్లో తిన్నది కక్కమనడమే. ఛీ, ఏం మర్యాదండీ అది! ప్రాణం తీసే మర్యాద. ఆమె నోరు మూసుకుని నీళ్ళు పోసింది.

దానం రాలేదు. వానల్లో, ఘాట్ రోడ్డు మీద వ్యాను ఆగిపోయింది. కొన్నాళ్ళు చుట్టుపక్కలవాళ్ళ కార్లు బతిమాలుకున్నారు. తర్వాత అవీ దొరకలేదు. సబ్హా ఒళ్ళంతా నీరు పట్టి, ఊపిరాడక, అక్క ఒళ్ళోనే పోయింది.

పలకరింపుకు నాయిఫ్ వచ్చాడు. సంతాపానికి వచ్చేవాళ్ళకోసం వేసిన గుడారం అంచున నిలబడి, తమామ్ ఇచ్చిన చేదు కాఫీ తాగి నిట్టూర్చాడు.

"అంత కష్టముంటే ఆ రోజే ఒక్క మాట చెప్పాల్సింది కదమ్మా!"

"ఇంట్లో ఏమీ లేకపోయినా అతిథికి కోస్తామని నీకు తెలియదా? మీ అమ్మ ఎప్పుడూ కోయలేదట్రా?"

"కోసింది. తెలియక కాదు. కానీ నేను హాజీగారికి కంటికి కనిపించిందే చెప్పాలి. నియమం నియమమే." గొంతు తగ్గించాడు. "వచ్చే నెల శిక్షణ పెడుతున్నాం. దాతలకు అవసరం ఎలా చూపించాలో నేర్పుతాం. మీరు తప్పకుండా రావాలి."

ఆమె అతని ముఖంలోకి చూసింది. చెంప పగలగొట్టాల్సింది. ఇంతలో ఇరుగుపొరుగు చావింటికి గొర్రెను కోసి వండి పంపిన పళ్ళెం వచ్చింది. తమామ్ అన్నిటికన్నా మంచి ముక్క ఏరి, తన చేత్తోనే అతని ముందు పెట్టింది.

"తిను నాయనా. దూరం నుంచి వచ్చావు."

నాయిఫ్ చొక్కా చెయ్యి పైకి మడిచి తిన్నాడు. గొర్రె ఎవరిదని ఈసారీ అడగలేదు.