సువార్తమ్మగారి పక్కన చోటు

మా వీధి చివరి రేకుల షెడ్డులో ఈ ఏడు కూడా మిరపకాయలు దిగాయి. తలుపు తీస్తే చాలు, ఘాటు తగిలి దగ్గు వస్తుంది. ఇంట్లోవాళ్లు విసుక్కుంటూ కిటికీలు మూస్తారు. నేను మాత్రం కాసేపు గుమ్మంలోనే నిలబడతాను. ఆ ఘాటుకు సువార్తమ్మగారు గుర్తొస్తారు. ఆవిడ లేరన్న సంగతి నా మనసుకు ఇంకా ఎక్కలేదు.

ప్రత్తిపాడు దగ్గర మా ఊరి చర్చిలో ఆవిడ బైబిల్ స్త్రీ. అంటే జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ. జబ్బు చేసిన ఇంటికీ చావు జరిగిన ఇంటికీ ప్రార్థన చేయడానికి తెల్లచీర కట్టుకుని నడిచి వెళ్లేవారు. మిరప కల్లాల్లో తొడిమలు తీసే ఆడవాళ్లకు కాయల బరువును బట్టి కూలి. ప్రార్థన పేరుతో వాళ్ల పని ఆపడం ఆవిడకు నచ్చేది కాదు. తనూ కుప్ప పక్కన చతికిలబడి, తొడిమ తీసిన కాయలు వాళ్ల బుట్టల్లో వేస్తూ, కళ్లు తెరిచే ప్రార్థన చేసేవారు. కళ్లు మూసుకోకపోతే దేవుడు వినడని నమ్ముతూ పెరిగిన నాకు అదేం పద్ధతో అర్థమయ్యేది కాదు.

నేనేమో చర్చిలో వెనక చాప మీద గోడకు ఆనుకుని కూర్చునే మనిషిని. పదిమందిలో నోరు విప్పాలంటే ప్రాణం మీదికి వచ్చేది. ఒక ఆదివారం ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"రేపు రత్తమ్మ ఇంట్లో ఆదరణ కూడిక. ప్రార్థన నువ్వు చెయ్యాలమ్మాయ్."

రత్తమ్మ భర్త చేలో మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు; ఆ ఇంటివాళ్లను ఓదార్చే కూడిక అది. "నా వల్ల కాదండీ," అన్నాను.

"కాదని నాకూ తెలుసులే. అయినా రా."

మర్నాడు ఆ ఇంటి వసారాలో అందరూ తలలు వంచారు. చిన్నప్పటి నుంచీ గృహ కూడికల్లో విని విని నోటికి వచ్చేసిన మాటే ముందు బయటపడింది: "ప్రభువా, ఈ సంతోష సమయంలో మమ్మల్ని ఈ ఇంట చేర్చినందుకు వందనాలు." ఎవరూ ఆమేన్ అనలేదు. రత్తమ్మ తలెత్తి నన్ను చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ప్రార్థన అక్కడే ఆపేశాను.

సువార్తమ్మగారు నా మాటను సరిదిద్దలేదు. వసారా మూల రత్తమ్మ భర్త తెచ్చి పోసిన కాయలున్నాయి. వాటిని చేటలోకి ఎత్తి రత్తమ్మ ముందు పెట్టి, తొడిమలు తీయడం మొదలుపెట్టారు. నన్నూ పక్కన కూర్చోమని కళ్లతోనే చెప్పారు. కాసేపటికి రత్తమ్మ చేతులూ కదిలాయి. అప్పుడు తనంతట తనే మాట్లాడింది.

"పొద్దున కాఫీ కూడా తాగలేదండి. వచ్చి తాగుతానన్నాడు."

పొద్దుగూకేదాకా అలాగే కూర్చున్నాం.

తిరుగుదారిలో ఇక ఎక్కడికీ రానని ఏడ్చాను. "మాట తప్పుగా వస్తే వచ్చింది," అన్నారావిడ. "లేచి పారిపోలేదుగా. రేపు ఇంకో ఇంటికి పోదాం."

అలా ఏళ్ల తరబడి ఆవిడ వెంట తిరిగాను. మెల్లగా నాకూ నోరు తిరిగింది. పోయిన శీతాకాలం సువార్తమ్మగారు మంచాన పడి, మరి లేవలేదు. ఆవిడ ఇంట్లోనే ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరుగారు నా పేరు పిలిస్తే లేచి నిలబడ్డాను. ఎదురుగా పక్క చుట్టేసిన ఆవిడ మంచం కనిపించింది. "ప్రభువా" అన్నాను. ఎందరి ఇళ్లలోనో చేసిన ప్రార్థనల్లో ఒక్క ముక్కా నోటికి రాలేదు.

ఎవరో వచ్చి నన్ను మెల్లగా కూర్చోబెట్టారు. చూస్తే రత్తమ్మ. వంటింట్లోకి పోయి సువార్తమ్మగారి చేట తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టింది. కల్లాలవాళ్లు ఆవిడకిచ్చిన కాయలు ఇంకా అందులోనే ఉన్నాయి.

"మీరేం మాట్లాడబాకండి అక్కా," అంది. "కాయ తీసుకోండి."

ఇప్పటికీ చావు జరిగిన ఇంటికి భయపడుతూనే వెళతాను. వెళ్లి, వాళ్ల చేతిలో ఏ పని ఉందో చూసి, అక్కడ కూర్చుంటాను. కూర్చునేటప్పుడు నా పక్కన ఇంకో మనిషికి చోటు వదలడం మానలేకపోతున్నాను.