టాబ్లెట్‌లో నా గోధుమ సాగు

కొబ్బరి తోటలో గట్టు మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను. ఆరు వారాలు సిమెంటు కట్టు అన్నారు. రావులపాలెం పక్క ఊళ్లో ముప్పై ఏళ్లు వరి పండించినవాణ్ణి, మంచం మీద పడి ఫ్యాను రెక్కలు చూస్తూ ఇంట్లో అందరి మీదా విసుక్కుంటూ ఉండేవాణ్ణి. అది భరించలేక, ఇంజినీరింగ్ చదువుతూ సెలవులకొచ్చిన మా అమ్మాయి తన టాబ్లెట్ నా చేతిలో పెట్టింది.

“ఈ గేమ్‌లో ఇల్లు కట్టుకోవచ్చు, వ్యవసాయం చేసుకోవచ్చు. మీ ఇష్టం నాన్నగారూ,” అంది.

చెట్లు, కొండలు, చివరికి ఆవులు కూడా పెట్టెలు పేర్చినట్టున్నాయి. నేలంతా గడులు గడులుగా ఉంది. ముందు చెట్టు కొట్టాలట. గొడ్డలి కోసం అరగంట వెతికాను.

“చేత్తోనే కొట్టండి.”

“చెట్టునా?”

కొడితే మొదలు ఊడొచ్చింది. పైభాగం మాత్రం గాల్లోనే నిలబడింది. మీద పడుతుందేమోనని దూరంగా పోయి నిలుచున్నాను. అది ఈరోజుకీ పడలేదు.

గోధుమ నేనెప్పుడూ పండించకపోయినా, వ్యవసాయం గురించి నాకొకరు చెప్పేదేముంది అనుకున్నాను. నేల దున్ని, విత్తనాలు చల్లి, బకెట్‌తో నీళ్లు పెట్టాను. విత్తనాలన్నీ కొట్టుకుపోయాయి. మళ్లీ చల్లి మళ్లీ పెట్టాను. మళ్లీ పోయాయి.

“చేలో నీళ్లు పెట్టమని ఎవరు చెప్పారండీ?”

“నీళ్లు పెట్టకుండా పంటేంటమ్మా?”

అలాక్కాదని, చెరువు నుంచి చేను పక్కగా కాలువ తవ్వాను. నీళ్లు ఏడు గడులు పారి ఆగిపోయాయి. మా శివారు చేలకి నీరందక ఇరిగేషన్ ఆఫీసు చుట్టూ తిరిగిన కోపమంతా అప్పుడు తన్నుకొచ్చింది. అడుగున ఏదో బొరియ ఉండి నీళ్లు ఇంకిపోతున్నాయనుకుని, నిలబడ్డచోటే కాళ్ల కింద తవ్వుకుంటూ పోయాను. తిన్నగా నిప్పుల మడుగులో పడ్డాను. విత్తనాలూ బకెట్టూ అన్నీ నాతోపాటే కాలిపోయాయి. గేమ్ నన్ను మళ్లీ వట్టి చేతులతో పుట్టించింది.

“ఎవరైనా తమ కాళ్ల కింద తవ్వుకుంటారా!” అని మా అమ్మాయి నుదురు కొట్టుకుంది.

“ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా!” అని అరిచాను.

ఆఖరికి తనే పక్కన కూర్చుని, విత్తనాలూ బకెట్టూ మళ్లీ కూడబెట్టించి, మడి మధ్యలో ఒక్క గుంట తీయించి నీళ్లు పోయించింది. చుట్టూ నాలుగేసి గడుల దాకా తడి దానంతటదే అందుతుందట. ఒప్పుకోబుద్ధి కాలేదు గానీ, పైరు లేచింది. పండింది కూడా.

కోత మొదలుపెట్టి, గోధుమ చేత్తో పట్టుకున్నానో లేదో మూడు ఆవులు నా వెంట పడ్డాయి. పొడుస్తాయని చేలో గంతులేస్తూ పరుగెత్తాను. నేను దూకినచోటల్లా పైరు పోయి మామూలు మట్టి మిగిలింది.

“పొడవడానిక్కాదు నాన్నగారూ, చేతిలో గోధుమ చూసి వచ్చాయి!” అంటూ తను పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వారం రోజుల సాగు అది.

మిగిలిన గింజలతో ఒక్క రొట్టె అయింది. ఎంత నొక్కినా గేమ్‌లోని నా మనిషి దాన్ని నోట్లో పెట్టుకోడు.

“తినడేంటమ్మా వీడు?”

“ఆకల్లేదండి. ఆకలేస్తేగానీ గేమ్ తిననివ్వదు.”

టాబ్లెట్ తన ఒళ్లో పడేసి గోడవైపు తిరిగి పడుకున్నాను.