నీడలో ఆరవలసిన ముక్కలు

ముప్పై ఒక్క ముక్కలు. ఒక తల్లి మొక్క. ఒక డిసెంబరు నెల పూత. తొమ్మిది మంది ఓపిక. నా చేతుల మీదుగా పోయినవి ఇవీ. ఈ ఉదయం మధురవాడలో మా అపార్టుమెంటు డాబా మీద ఎవరో నెత్తళ్ల చేపలు ఎండబోశారు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఆ వాసన ఎదురొచ్చింది. పక్క వాటావాళ్లు ముక్కు మూసుకుని అసోసియేషనుకు చెప్పాలంటున్నారు. నేను మాత్రం అక్కడే నిలబడి, పదకొండేళ్ల కిందటి ఆ లెక్కను మళ్లీ ఒకసారి సరిచూసుకున్నాను. అంకె మారలేదు. ఆ అంకెను నిజంగా చదవడం నాకు నేర్పినావిడ అక్షరం ముక్క రాని మనిషి. పేరు నూకాలమ్మ. మేమంతా నూకాలత్త అనేవాళ్లం.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి రేవు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పదో తరగతి దాటలేదు. ఓడల్లోంచి దిగే బస్తాలు లెక్కపెట్టే టాలీ క్లర్కుగా చేరాను. పెద్ద గుణకారాలు, సగటులు, శాతాలు అన్నీ రేవు గట్టున నిలబడి, సుద్దముక్కతో గోనెసంచుల మీద గీసుకుంటూ సొంతంగా పట్టుకున్నాను. అందుకని నా అంకెల మీద నాకు గర్వం కాస్త ఎక్కువే. అప్పట్లో ఫిషింగ్ హార్బరుకు దగ్గరలో ఉండేవాళ్లం. పక్క వాటా నూకాలత్తది. మావయ్యా, కొడుకూ వేటకు వెళ్లేవారు. వాళ్లు తెచ్చిన చేపను అత్త గంపకెత్తుకుని వీధుల్లో అమ్మేది. అమ్మగా మిగిలింది డాబా మీద ఎండబెట్టేది.

ఆవిడ మెట్ల కింద, చేపలకు ఐసు వేసే తెల్ల థర్మోకోల్ పెట్టెలో ఒక మొక్క ఉండేది. కాక్టస్ జాతిదే కానీ ముళ్లు లేవు. చదునైన పచ్చటి ముక్కలు ఒకదాని కొసన ఒకటి అతికించినట్టు గొలుసులుగా వేలాడేవి. డిసెంబరు వచ్చిందంటే ప్రతి గొలుసు చివరా గులాబీరంగు పువ్వు కిందికి దిగి విచ్చుకునేది. క్రిస్మస్ కాక్టస్ అంటారు. అత్త దగ్గర చేపలు కొనే ఆసుపత్రి నర్సమ్మ ఒకావిడ బదిలీ అయి వెళ్తూ రెండు ముక్కలు ఇచ్చిందట. అత్త నోట్లో అది కిస్మిస్ మొక్క అయింది. ఎన్నిసార్లు సరిదిద్దినా కిస్మిస్సే.

చూసిన ప్రతివాళ్లూ తమకూ ఒకటి కావాలనేవారు. ముక్క తుంచి చేతిలో పెట్టడం ఆవిడ పద్ధతి కాదు. వేరు పట్టిన కుండీయే ఇవ్వాలి. ఉత్త ముక్క ఇస్తే దాన్ని బతికించే బాధ్యత ఎదుటివాళ్ల నెత్తిన వేసినట్టేనని ఆవిడ లెక్క. నీ వంతు వస్తాదమ్మా అనేది, ఆ వరసంతా తలలోనే పెట్టుకునేది. నాకు అది నచ్చలేదు. నేను రాసిపెడతానని నోటు పుస్తకం తెచ్చి పేర్లు చెప్పమన్నాను. తీరా చూస్తే ఆవిడకు పేర్లు తెలియవు. ఎవరు ఏ చేప కొంటారో తెలుసు. మొదటి పేరు కవళ్ల టీచరమ్మ. రెండోది కానాగంతల కండక్టరు. నాలుగోది సందువాల రావుగారు. తొమ్మిదోది, మద్దిలపాలెంలో గది తీసుకుని ఉండే, వంజరం తలకాయ తీసేసి ఇమ్మనే పిల్ల. "రుసంతా తలకాయలోనే ఉన్నాది. పారేయమంటాదేటి బావూ ఆ పిల్ల," అని అత్త దిగులుపడింది. నేను నవ్వు ఆపుకుంటూ ఆవిడ చెప్పినట్టే రాసుకున్నాను.

ఆ వానాకాలం సబ్బవరంలో ఉన్న కూతురి పురిటికి అత్త వెళ్లింది. నెలన్నర వరకు రానంది. మొక్కను నాకు అప్పజెప్పింది. వారం రోజులు ముసురు పట్టి, మెట్ల మీంచి కారిన నీరు పెట్టెలో నిలిచి, మొక్క మొదలు మెత్తబడింది. ఫోన్ చేశాను. కుళ్లు పైకి పాకకముందే మంచి కొసలు తుంచి, రెండ్రోజులు ఆరబెట్టి, ఇసకలో గుచ్చమంది. వానచప్పుడులో విన్నది విన్నట్టే రాసుకున్నాననుకున్నాను. తరవాత చూస్తే పుస్తకంలో ఇలా ఉంది: "ముక్కలు 36. రెండు రోజులు ఎండబెట్టాలి." అంకెల్లో పొరపాటు లేదు. పొరపాటు మాటలో ఉంది.

ముసురు విడిచి ఎండ చురుక్కుమంటోంది. అత్త చేపలు ఎండబెట్టే వెదురు చాట తీసుకుని, తుంచిన ముప్పై ఆరు ముక్కలూ డాబా మీద వరసగా పరిచాను. గంటకొకసారి తిరగేశాను. రెండు రోజుల్లో పదహారు సార్లు. మూడోనాటికి అవి మామిడి ఒరుగుల్లా ముడుచుకుపోయాయి. ఇదే కావాలేమో అనుకుని ఇసకలో గుచ్చాను. పది రోజులు తిరిగేసరికి ముప్పై ఒకటి పట్టుకుంటే జారిపోయేలా కుళ్లిపోయాయి. చాట అంచు నీడన పడిన ఐదు మాత్రం నిలబడ్డాయి. పెట్టెలోని తల్లి మొక్క అప్పటికే పోయింది.

అత్త తిరిగొచ్చి, చేతిలో సంచి దించకుండానే ఖాళీ పెట్టె చూసింది. మెల్లిగా దాని పక్కన చతికిలబడింది. నేను పుస్తకం తెరిచి ముప్పై ఆరు, ముప్పై ఒకటి, ఐదు అని చదవడం మొదలుపెట్టాను.

"లెక్క తరవాత. ముక్కలెక్కడెట్టేవు?"

"డాబా మీద అత్తా. నువ్వు చెప్పినట్టే రెండు రోజులు ఎండబెట్టాను."

"ఎండబెట్టమన్నానా, ఆరబెట్టమన్నానా?"

నేను మళ్లీ పుస్తకంలోకి చూసుకున్నాను.

"సేపని ఎండబెడతారు బావూ. ముక్కని ఆరబెడతారు. సచ్చినదానికి ఎండ, బతకాల్సినదానికి నీడ. నా కిస్మిస్ మొక్కని నువ్వు ఎండుసేప సేసేవు."

గోడకు ఆనుకుని వల బాగుచేస్తున్న మావయ్య, పోనీలే, నాలుగు వంకాయలేసి వండేద్దాం అన్నాడు. అత్త నవ్వలేదు. పెట్టె అంచు మీద వేలితో గీస్తూ కూర్చుంది. గంపలో చేప తాజాదని ఆవిడ అంటే జనం మొప్పలెత్తి చూడకుండా కొనేవారు. ఆవిడ వ్యాపారమంతా ఆ మాట మీదే. ఆ మాటే తొమ్మిది ఇళ్లలో ఇచ్చి ఉంది. చివరికి పుస్తకంలో పేర్లు చదవమంది. విన్నాక ఒకే మాటంది: "మాటిచ్చింది నాను. పోగొట్టింది నువ్వు. రేపు ఇద్దరం ఎల్లాల."

మర్నాడు ఆమె గంపతో, నేను పుస్తకంతో బయలుదేరాం. కవళ్ల టీచరమ్మ గుమ్మంలో నేను, వానలకు మొక్క పోయిందండీ అన్నాను. అబద్ధమేమీ కాదు. టీచరమ్మ అయ్యో అని లోపలికి వెళ్లబోయింది. అత్త మెట్టు మీంచి కదల్లేదు. "వానేటి సేసింది, నువ్వేటి సేసేవు? ఇడదీసి సెప్పు," అంది. విడదీసి చెప్పాను. ఎండలో పదహారు సార్లు తిరగేశానని చెప్పినప్పుడు టీచరమ్మ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. సందువాల రావుగారు నవ్వలేదు. మూడేళ్లుగా ఆశ పెట్టుకున్నానయ్యా అని తలుపు వేసేసుకున్నాడు. ఆరో ఇంటికి వచ్చేసరికి నా గొంతు తడబడటం మానేసింది. తొమ్మిదో గదికి తాళం ఉంది. ఆ పిల్ల సెలవు పెట్టి ఊరెళ్లిందన్నారు.

ఆ ఐదింటినీ పెట్టుకుని అత్త నాకు మొదటినుంచి నేర్పింది. బ్లేడు ముట్టనివ్వలేదు. రెండు కణుపుల కింద పట్టుకుని మెలి తిప్పితే ముక్క దానంతటదే విడివడుతుంది. దాన్ని మెట్ల కింద గుడ్డ మీద పెట్టి, విరిగిన చోట పుండు మానేటప్పటిలా పక్కు కట్టేదాకా ఆగాలి. సముద్రపు ఇసకలో ఉప్పుంటుందని సబ్బవరం నుంచి ఏటి ఇసక తెప్పించి, కొబ్బరి పొట్టు కలిపింది. చేపల పెట్టెను మూడుసార్లు మంచినీళ్లతో కడిగించింది. నేను రోజుకు ఇన్ని చెంచాల నీళ్లని రాసుకోబోతే పుస్తకం లాగేసుకుంది. "లెక్కెట్టి పొయ్యకు. ఏలెట్టి సూసి పొయ్యి," అంది. వేలు పొడిగా బయటికొస్తేనే నీళ్లు. నెల తిరిగేసరికి ముక్కను కొద్దిగా లాగితే వెనక్కి లాగింది. వేరు పట్టడమంటే అదేనట. అలా చేతికి తగిలిన ఆ చిన్న బిగువు నాకు ఏ అంకే ఇవ్వలేని ధైర్యం ఇచ్చింది.

మరుసటి ఏడు రేవులో ఒక ఓడ దిగుతుండగా నేను క్రేను ఎత్తిన ఒక మోపును రెండుసార్లు కలిపేశాను. ఇరవై బస్తాలు తేడా. గమనించింది నేనొక్కణ్నే. లెక్క షీటు ఎలాగూ వానకు తడిసే ఉంది. అంకె అలుక్కుపోయిందంటే నమ్మేవాళ్లు. నేరుగా సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి, వాన ఏం చేసిందో, నేనేం చేశానో విడదీసి చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి మళ్లీ లెక్కపెట్టించాడు. అప్పటినుంచి రెండు షీట్లు కలవనప్పుడల్లా నన్నే పిలిచేవారు. నాకు లెక్కలు బాగా వచ్చని వాళ్లనుకున్నారు. నిజానికి నాకు అప్పుడు వచ్చింది ఎనిమిది గుమ్మాల ముందు నిలబడి నేర్చుకున్న విద్య.

ఐదు పది అయ్యాయి, పది ఇరవై కాలేదు. మధ్యలో కొన్ని తెగులుకు పోయాయి, కొన్ని పిల్లి తవ్వేసింది. అయినా అత్త ఉండగానే ఆరు కుండీలు వరస తప్పకుండా ఇచ్చాం. రావుగారి కుండీ నేనే మోసుకెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఈసారి నీడలోనే ఆరబెట్టావా అని అడిగి, కాఫీ ఇచ్చాడు. నాలుగేళ్ల కిందట కూతురింట్లో ఉండగా అత్తకు జ్వరం వచ్చి పదిరోజుల్లో పోయింది. పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. ఏడో కుండీ, ఎనిమిదో కుండీ నేనొక్కణ్నే వెళ్లి ఇచ్చాను. ఎనిమిదో ఆయన తను అడిగినట్టే మరిచిపోయాడు. మీరు అడిగారండీ, ఇదిగో రాసి ఉంది అని చూపించాను.

తొమ్మిదో కుండీ మా బాల్కనీలో నీడపట్టున ఉంది. నాలుగు డిసెంబర్లు పూసింది. మద్దిలపాలెంలో ఆ గది ఇప్పుడు కొరియర్ ఆఫీసు. అప్పటి ఇంటివాళ్లకు ఆ అమ్మాయి పేరు గుర్తులేదు. అత్త ఆ పిల్ల పేరు అడగలేదు, అంత జాగ్రత్తపరుణ్నని అనుకునే నేనూ అడగలేదు. ఆదివారాలు అత్త కోడలు చేపలమ్మే చోట నిలబడి, వంజరం తల తీయించుకునేవాళ్లను చూస్తుంటాను. ఇప్పటికి నలుగురిని ఆపి అడిగాను. నలుగురూ కాదన్నారు, ఒకావిడ నన్ను అనుమానంగా చూసి సంచి రెండో చేతిలోకి మార్చుకుంది. ఫరవాలేదు. ఆ మనిషి ఈ ఊళ్లోనే ఉంటే చేప తినక మానదు, తల తీయించుకోకా మానదు. కనిపిస్తే ముందు ఏం చెప్పాలో నాకు తెలుసు. వాన సంగతి ఎత్తను. పుస్తకంలో ఎనిమిది పేర్ల పక్కన టిక్కులున్నాయి. ఇవ్వవలసింది ఒకటి.