అరగంటకోసారి అడిగిన ఊరి పేరు

మధ్యాహ్నం రెండింటికి పోస్టు చేరాం. పద్నాలుగు వేల అడుగులు. మైనస్ పద్దెనిమిది. మూడు డేరాలు, ఒక వైర్‌లెస్ సెట్టు. నేను సిగ్నల్స్ అధికారిని. సైన్యంలో అది నాకు మూడో ఏడు.

ఉత్తర్వు ఒకటే. మా డేరాలకు నాలుగు వందల మీటర్ల దూరంలో, పైన కాపలా ఉన్న జవానును అరగంటకోసారి సెట్టులో పిలవాలి. మెడిక్ నన్ను పక్కకు పిలిచి హెచ్చరించాడు: ఆ ఎత్తులో బుర్ర మొద్దుబారినవాడు కూడా ‘ఓకే’ అనగలడు, ఆలోచించి చెప్పాల్సింది ఏదైనా అడగండి.

ఆ జవానుది చేగుంట. నాది అదే జిల్లాలో మెదక్. తెలుగులోనే అడిగాను.

“మెదక్‌కు ఆ పేరెట్ల వచ్చింది?”

“మస్తు వడ్లు పండేటియి గదా మేడం, గందుకే మెతుకుసీమ అన్నరు. గా మెతుకే మెదక్ అయింది. నడుమల గుల్షనాబాద్ అని పెట్టిండ్రట, పూలతోట అన్నట్టు. పూలతోని కడుపు నిండుతదా? గా పేరు పోయింది, మెతుకు నిలిచింది.”

నవ్వాను. ఆ జవాబు మళ్లీ వినాలని ప్రతిసారీ అదే అడిగాను. నా తప్పు అదే.

పదకొండో రోజు మంచు తుఫాను. తోడుండే జవానుకు జ్వరం, పైన అతనొక్కడే. రాత్రి పదకొండున్నరకు అడిగాను. “మెతుకు, మేడం.” పన్నెండుకు అడిగాను. “మెతుకు, మేడం.” లాగ్‌బుక్కులో రెండుసార్లూ ‘ఓకే’ రాశాను. పన్నెండున్నరకు, అడగకముందే, అదే మాట వచ్చింది. అప్పుడు ప్రశ్న మార్చాను.

“మీ బిడ్డ పేరేంది?”

సెట్టులో గాలి హోరు.

“తమ్మీ, చెప్పు. బిడ్డ పేరేంది?”

“మెతుకు, మేడం.”

మెడిక్‌తో కలిసి తాడు పట్టుకుని ఎక్కాను. యాభై నిమిషాలు. అతను చేతితొడుగులు తీసేసి కూర్చున్నాడు. డబ్బాలో అన్నం గడ్డకట్టింది. ఒక మెతుకును రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కుతున్నాడు. వేళ్లు నల్లబడ్డాయి.

“ఇంకా ఉడకలే, మేడం.”

బతికాడు. రెండు వేళ్ల కొనలు పోయాయి.

సర్వీసు ముగించుకుని, తూప్రాన్ మీదుగా బస్సులో మెదక్ వచ్చి ఐదేళ్లు. మా పాపకు మూడేళ్లు. జ్వరమొస్తే దాన్ని అరగంటకోసారి లేపి ఏదో ఒకటి అడుగుతాను. ఏ ప్రశ్నా రెండోసారి అడగను; కొత్తది వెతుక్కుంటాను. “జర పండనియ్యవే దాన్ని,” అంటాడు మా ఆయన.

అన్నం దించేముందు మెతుకు నొక్కి చూసేది ఆయనే. నాకు చేతకాదు. పక్కన నిలబడి, ఆయన వేళ్లు నల్లబడ్డాయేమోనని చూస్తాను.