ఎగువ రేవులో కరుణ

నీళ్ళకి హద్దులు పెట్టిన దేవునికి, ఆ హద్దుల్ని తన చిత్తం వచ్చినప్పుడు తానే జరిపే దేవునికి ముందుగా స్తోత్రం. ఈ నాలుగు మాటలూ ఆయన చేసిన మేలు చెప్పడానికే రాస్తున్నాను.

నేను దయ్యాల్ని ఏనాడూ నమ్మలేదు. మా ఇంట్లో నమ్మనిచ్చేవాళ్ళు కాదు. చనిపోయినవాళ్ళు ప్రభువునందు నిద్రిస్తారు గానీ చింతచెట్ల మీద కాపురం పెట్టరని మాకు ఆదివారం బడిలోనే చెప్పారు. ఇంజనీరింగులో చేరాక మిగిలిన కాస్త జంకు కూడా పోయింది. కాబట్టి నన్ను ఊరికే భ్రమపడే మనిషిగా అనుకోవద్దని మనవి.

ఇది డెబ్బైల్లో జరిగింది. నేను విజయవాడలో సివిల్ ఇంజనీరింగు చదువుతున్నాను. గుణదల కొండ కింద చిన్న గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆ ఏడాది మాకు ఫ్లూయిడ్ మెకానిక్స్ ఉండేది, అంటే నీళ్ళు ఎలా నడుస్తాయో చెప్పే శాస్త్రం. క్లాసులో సగం మందికి అది గండం. నేను కాలవగట్టున పుట్టినవాణ్ణి, నాకది ఇంటి కబురులా ఉండేది.

ల్యాబులో పొడవాటి గాజుగొట్టం ఒకటి ఉండేది. అందులో నీళ్ళు మెల్లగా వదిలి, మధ్యలోకి సన్నటి మొనతో ఊదారంగు వదిలేవాళ్ళం. నీళ్ళు నెమ్మదిగా ఉన్నంతసేపూ ఆ రంగు దారప్పోగులా తిన్నగా సాగేది. కొళాయి కొంచెం తిప్పితే పోగు వణికేది. ఇంకొంచెం తిప్పితే చెదిరిపోయి గొట్టమంతా రంగు పరుచుకునేది. కిటికీలోంచి ఎండ పడుతుంటే నేను ఆ పోగుని చూస్తూ లోకం మర్చిపోయేవాణ్ణి.

మా లెక్చరర్ మూర్తి గారు వెనకనుంచి వచ్చి, "ఏమయ్యా, ప్రయోగం చేస్తున్నావా, ప్రార్థన చేస్తున్నావా?" అన్నారు ఒకసారి.

"రెండూనండీ."

"అయితే ఆమేన్ అనేసి రీడింగు తియ్యి" అన్నారు. క్లాసంతా నవ్వింది.

ఆయన బ్రాహ్మలు, పూజ చేయందే కాఫీ తాగరు. కానీ పాఠంలో దేవుణ్ణి తెచ్చేవారు కాదు. నీటికి సొంత ఇష్టం ఉండదనీ, కారణం లేకుండా ఒక్క చుక్క కూడా పక్కకి జరగదనీ పదేపదే చెప్పేవారు. నేను ఆ మాటని దేవుడు నీటికిచ్చిన ఆజ్ఞగా తీసుకున్నాను. ఇప్పటికీ అలాగే తీసుకుంటాను. అందుకే ఈ సంగతి నన్ను వదలదు.

మా ఊరు పామర్రు దగ్గర. నాన్నగారు నా చిన్నప్పుడే పోయారు. ఇంట్లో అమ్మ, చెల్లెలు కరుణ. కరుణకి పదిహేడు నిండాయి. బాప్తిస్మం తీసుకోవాలని, ప్రభువు బల్లలో పాలు పొందాలని దాని కోరిక. అంతకుముందు ఏడు జ్వరం వచ్చి ఆగిపోయింది. నెలనెలా అందరూ రొట్టె తీసుకుంటుంటే తను వెనక వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అది చూడలేక అమ్మ ముఖం తిప్పుకునేది.

మా సంఘంలో బాప్తిస్మాలు కాలవలోనే. వేసవిలో కాలవలు కట్టేస్తారు, అడుగు ఎండిపోతుంది, పూడిక తీస్తారు. మళ్ళీ నీళ్ళొదిలాక వచ్చే ఆదివారం మాకు బాప్తిస్మాల పండగ. కొత్తనీళ్ళు ఎర్రగా, ఉరవడిగా వస్తాయి. మా రేవుకి కాస్త ఎగువన కాలవకి అడ్డంగా ఇనప తలుపులున్నాయి. వాటిని చూసుకునే లస్కరు వెంకటస్వామి హిందువు. ఆ ఒక్క పూటకి మాకోసం తలుపులు దించి, రేవులో నీళ్ళు నడుం లోతున నిదానంగా ఉండేలా చూసేవాడు. అంతా అయ్యాక మా ప్రార్థన గుడి గంట ఒకసారి కొడతాం. గంట వింటే తలుపులు ఎత్తేస్తాడు. ఎన్నో ఏళ్ళుగా అదే పద్ధతి.

"మీ పాటలు కొంచెం కుదించండి పాస్టరుగారూ. కింది రైతులు నీళ్ళు రాలేదని నామీద పడతారు" అనేవాడు ఏటా.

"నువ్వూ దిగరాదా వెంకటస్వామీ, ఒక చరణం తగ్గిస్తాం" అనేవారు పాస్టరు గారు. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

ఆ ఏడు వేసవి సెలవులు ముగిసే రోజుల్లో ఆ ఆదివారం వచ్చింది. విజయవాడలో పనుండి వెళ్ళిన నేను పొద్దున్నే బస్సెక్కాను. కంకిపాడు దాటాక రోడ్డు పక్కనే కొత్తనీళ్ళు కనిపించాయి. బస్సు, నీళ్ళు ఒకే వేగంతో పోతున్నట్టుండి కాసేపు రెండూ ఆగిపోయినట్టే అనిపించింది. కిటికీకి తలానించి అలాగే కళ్ళు మూసుకున్నాను.

నేను వెళ్ళేసరికి అందరూ గట్టు మీద ఉన్నారు. బెజవాడ నుంచి ఒక ప్రసంగీకుణ్ణి పిలిచారు, మంచి మనిషి. వాళ్ళ సంఘంలో ఒక్కొక్కరు నీళ్ళలోంచి లేవగానే గంట కొడతారట, పరలోకంలో సంతోషం అని. ఆయన ఇక్కడా అలాగే కొట్టమని గుడి దగ్గరున్న మనిషికి చెప్పారు. మా పద్ధతి ఆయనకి తెలీదు. చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు.

మొదట ఒక ముసలాయన తీసుకున్నాడు. ఆయన లేచాడు, గంట మోగింది. పాట ఎత్తుకున్నారు. రెండోది కరుణ. తెల్లచీర, తలమీద తెల్ల మల్లు గుడ్డ. పాస్టరు గారు దాని వీపు కింద చెయ్యి పెట్టి, తండ్రి నామమున అని మొదలుపెట్టి, వెనక్కి ముంచారు.

అప్పుడే నీళ్ళు పెరిగాయి. మోత ముందొచ్చింది. పాస్టరు గారి కాళ్ళు జారాయి. ఆయన మళ్ళీ లేచి నిలబడేసరికి చేతులు ఖాళీగా ఉన్నాయి.

దిగువన కాలవ రోడ్డు కిందనుంచి ఇరుకు తూములో దూరుతుంది. పశువు పడ్డా బతికిరాదు. తెల్లగుడ్డ అటే పోవడం నేను కళ్ళారా చూశాను. మగవాళ్ళందరం, మా వెనకే అమ్మా, గట్టు వెంట అటే పరిగెత్తాం. పరిగెడుతున్నా కాళ్ళు కదలనట్టే ఉంది. ఎండ, ఎర్రనీళ్ళు, వాటి మీద గడ్డీగాదం, అన్నీ చాలా నెమ్మదిగా కనిపించాయి. తూము దగ్గర నలుగురు దూకారు. ఏమీ దొరకలేదు. అమ్మ గట్టు మీద కూలబడిపోయింది.

అంతలో వెనకనుంచి వెంకటస్వామి కేక. కేకలు విని గబగబా తలుపులు దించుతున్నవాడు ఎగువకి తిరిగి చూశాడట. తలుపులకి ఎగువన ఉన్న రేవులో, మెట్టు మీద, కరుణ కూర్చుని ఉంది.

నేను వెళ్ళేసరికి జుట్టు పిండుకుంటోంది. నన్ను చూసి, "పాట ఆపేశారేంటన్నయ్యా? మీరందరూ అటెందుకు పోయారు?" అంది.

దానికి ఏమీ తెలీదు. పాస్టరు గారు ముంచారు, నీళ్ళ కింద చాలా ప్రశాంతంగా ఉంది, ఎవరో భుజాల కింద చేతులు వేసి లేపారు, పాస్టరు గారే అనుకుంది, కళ్ళు తెరిస్తే మెట్టు మీద ఉంది. మునిగి లేచినంతసేపే అంటుంది. కనీసం రొప్పనైనా లేదు.

చూసిన సంగతులు ఉన్నవి ఉన్నట్టు చెప్తాను. మా వైపు గట్టంతా ఆడవాళ్ళూ పిల్లలూ నిలబడి ఉన్నారు, వాళ్ళ మధ్యలోంచి కరుణ నడిచి వెళ్ళలేదు. అవతలి గట్టు మీద వేసవిలో తీసిన పూడిక పోసి ఉంది, ఇంకా మెత్తగానే ఉంది. నేను వెళ్ళి చూశాను, ఒక్క అడుగు గుర్తు కూడా లేదు. తలుపుల మీది నడవలో వెంకటస్వామి ఒక్కడే ఉన్నాడు. తెల్లగుడ్డ మర్నాడు తూముకి అవతల చేలల్లో దొరికింది.

అందరూ స్తోత్రాలు చెల్లించారు. కానీ వారం తిరక్కుండా ఇంకో చిక్కొచ్చింది. సంఘపెద్దలు కొందరు, ఆ బాప్తిస్మం చెల్లదన్నారు. ముంచడమూ లేపడమూ రెండూ దైవసేవకుడి చేతులమీదుగా జరగాలి, కరుణ మళ్ళీ దిగితేనే బల్ల దగ్గరికి రావాలన్నారు.

"మళ్ళీ ఆ నీళ్ళలోకా? నన్ను ముందు పాతిపెట్టండయ్యా" అంది అమ్మ.

కరుణ మాత్రం, "దిగమంటే దిగుతాను" అంది. ఆ మాట అంటూనే వెళ్ళి అమ్మని ఆనుకుని కూర్చుంది. పాస్టరు గారు ఏమీ తేల్చకుండా, ప్రార్థన చేద్దాం అన్నారు.

నేను కాలేజీకి వెళ్ళి మూర్తి గారికి అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. సుద్దముక్క తీసి బోర్డు మీద తలుపు గీశారు. తలుపు కిందనుంచి దూకిన నీళ్ళు అడుగున ముందుకి పోతాయి, పైన ఒక పొర వెనక్కి తలుపువైపే తిరుగుతుంది, మీ చెల్లెల్ని అదే వెనక్కి తెచ్చి ఉంటుంది అన్నారు. నాకు ప్రాణం కుదుటపడింది. కొంచెం నిరాశ కూడా కలిగింది. "మరి తలుపు ఎలా దాటిందండీ?" అన్నాను. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, "ఆదివారం మీ ఊరికి బస్సెప్పుడు?" అన్నారు.

వచ్చేటప్పుడు సంచీ నిండా నిమ్మకాయలు తెచ్చారు. సగం మునిగి తేలతాయి, నీటి దారి చూపిస్తాయి. వెంకటస్వామి ఆ రోజున ఎత్తినంతే తలుపులు ఎత్తాడు. మేం ఒక్కో కాయా వేస్తుంటే అమ్మ గట్టు మీదనుంచి, "ప్రభువు బిడ్డవై ఉండి కాలవలో నిమ్మకాయలు వేస్తావేంట్రా, చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అంది. మూర్తి గారు, "దిష్టికి కాదండీ, లెక్కకి" అన్నారు మర్యాదగా.

పాస్టరు గారు కూడా వచ్చి నిలబడ్డారు. రేవులో వేసిన కాయలు తూముకేసి పోయాయి. తలుపు దగ్గర వేసినవి, సార్ చెప్పినట్టే, వెనక్కి తిరిగి తలుపుకి కొట్టుకుంటూ అక్కడే దొర్లాయి. మధ్యాహ్నం దాకా వేశాం. పసుపుపచ్చటి కాయలు ఎర్రనీళ్ళలో గిరగిరా తిరిగాయి. ఒక్కటి కూడా ఎగువకి రాలేదు.

"నా చేతుల్లోంచి జారాక, ఏ నీరైనా ఆ పిల్లని ఆ మెట్టు దాకా తీసుకుపోగలదా సార్?" అని అడిగారు పాస్టరు గారు.

మూర్తి గారు కళ్ళజోడు తుడుచుకుని, "ఈ తలుపు దాకా తేగలదండీ. దాటించలేదు. ఆపైన నాకు తెలీదు" అన్నారు.

తర్వాతి నెల బల్ల ఆదివారం. పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. కరుణ ఎప్పట్లాగే వెనక. పాస్టరు గారు రొట్టె విరవబోతూ ఆగి, "ముంచినవాణ్ణి నేను. లేపినవాణ్ణి నేను కాదు. లేపిన ఆయన తన పని సగంలో ఆపాడని మీలో ఎవరైనా చెప్పగలిగితే, ఆ పిల్లని మళ్ళీ నీళ్ళలోకి దింపుతాను" అన్నారు. ఎవరూ లేవలేదు. ఆయన పళ్ళెం పట్టుకుని నడవలోంచి నడిచి వెనక వరస దాకా వెళ్ళారు. కరుణ రొట్టె ముక్క తీసుకుంది. అమ్మ ఈసారి ముఖం తిప్పుకోలేదు.

తర్వాత నేను ఉద్యోగమంతా కాలవల మీదే చేశాను. ఎన్నో తలుపులు ఎత్తించాను, దించాను, ఎన్నో లెక్కలు కట్టాను. ఎవరైనా దీనికి కారణం చెప్తే వినడానికి సిద్ధంగానే ఉన్నాను. దయ్యమని నేను అనను. దూతని చూశానని కూడా అనను, నేను చూడలేదు. నా చెల్లెలు ఎగువ రేవుకి ఎలా వచ్చిందో నాకు తెలీదు. అంతే.

చదివిన మీరు ఏ సంఘంవారైనా సరే, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతో కలిసి ఇలా అడగండి. తండ్రీ, మా చేతుల్లోంచి జారిపోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పేర్లు నీకు తెలుసు. మేం పరిగెత్తిన వైపు వాళ్ళు లేకపోతే, వాళ్ళు ఎక్కడ ఉన్నారో అక్కడ నీ చేతులు ఉండనియ్యి. ఆమేన్.